బతికినవాడు, అతని బావ

1979 జూలై 19, గురువారం ఉదయం 7.10కి, విశాఖపట్నానికి తూర్పున డెబ్బై అయిదు మైళ్ళ దూరంలో 'పుంటా బ్లాంకా' అనే ఓడ ఒక తెప్పను చూసింది. తెప్ప మీద ఇద్దరు మనుషులున్నారు. ఒకరు బతికి ఉన్నారు. ఒకరు చనిపోయారు.

ఓడ ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి ఖాళీగా వస్తోంది. జెండా పనామాది. ఆఫీసర్లు స్పానిష్ మాట్లాడేవారు. ఇద్దరినీ పైకి తీసుకుని ఎనిమిది గంటలకు మళ్ళీ బయలుదేరింది. 9.40కి దాని వైర్‌లెస్ సందేశం పోర్టు కంట్రోల్ రూంకి చేరింది. డ్యూటీలో ఉన్న గంగాధరరావు దాన్ని రాసుకున్నాడు. సందేశం ఇంగ్లీషులో నాలుగు వరుసలు. తెప్ప మీద ఇద్దరు దొరికారు. బతికినవాడి పేరు తవిటయ్య, ఊరు యారాడ. చనిపోయినవాడు అతని బ్రదర్ ఇన్ లా. మధ్యాహ్నం మూడు గంటలకు రేవు బయట లంగరు వేస్తాం.

గంగాధరరావు గోడకున్న జాబితా చూశాడు. ఆదివారం గాలివానకి తప్పిపోయిన తెప్పలు మూడు. రెండు తిరిగొచ్చాయి. మూడోదాని ఎదురుగా 'తవిటయ్య, మరొకరు, యారాడ' అని ఉంది. సందేశానికీ జాబితాకీ సరిపోయింది.

జాబితా ఇచ్చింది జాలర్ల సంఘం గుమస్తా గురునాథరావు. సోమవారం నుంచి అతను రోజూ పొద్దున్నే వచ్చి కంట్రోల్ రూం వరండాలో కూర్చుంటున్నాడు. గంగాధరరావు కాగితం చేతికివ్వగానే జీపులో కొండ దాటి యారాడ వెళ్ళాడు. 10.30కి ఊరు చేరాడు.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న చిలకమ్మ మొదట కనిపించింది. వయసు ఇరవయ్యారు. భర్త పేరు తవిటయ్య.

"సిలకమ్మా, మీ ఆయన దొరికాడు. బతికున్నాడు" అన్నాడు గురునాథరావు.

ఆమె ఇసుకలో కూలబడింది. తర్వాత లేచి నూకాలమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టింది. కోడిని ఇస్తానని పైకే మొక్కుకుంది. నవ్వింది. అక్కడున్న ఆడవాళ్ళందరికీ చెప్పింది. అప్పటికి ఆమె వదిన పైడితల్లి ఇంట్లోంచి బయటికొచ్చింది.

"రెండో మనిషో?" అని అడిగింది పైడితల్లి.

గురునాథరావు తల దించుకున్నాడు. పైడితల్లి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వెనక నుంచి ముసలామె సన్యాసమ్మ వచ్చింది. ఆమె పైడితల్లికి తల్లి, చిలకమ్మకి అత్త.

"ఏ తవిటయ్య బాబూ?" అంది.

"ఏ తవిటయ్యేంటి?"

"మాకు ఇద్దరు తవిటయ్యలున్నారు. ఇద్దరూ ఒకే తెప్పెక్కినారు. నీకు సోమారం సెప్పినాను కదా."

గురునాథరావుకి గుర్తొచ్చింది. సోమవారం అతను పేర్లు రాస్తున్నప్పుడు సన్యాసమ్మ 'తవిటయ్య, తవిటయ్య' అంది. ఏడుస్తూ ఒకే పేరు రెండుసార్లు అంటోందనుకున్నాడు. రెండోసారి రాసింది కొట్టేశాడు. రెండో మనిషి పేరేమిటని ఆ మనిషి పెళ్ళాం పైడితల్లిని అడిగాడు. మొగుడి పేరు పలకకూడదు కాబట్టి ఆమె చెప్పలేదు. అప్పుడు 'మరొకరు' అని రాశాడు.

చిలకమ్మ నవ్వు ఆగింది. "నువ్వు మా ఆయన అన్నావు కదా బాబూ" అంది. "నువ్వే కదా అన్నావు."

గురునాథరావు జీపు తలుపు తీశాడు. ముగ్గురినీ జీపెక్కించాడు.

పెద తవిటయ్యకి ముప్పై రెండేళ్ళు. సన్యాసమ్మ కొడుకు, పైడితల్లి అన్న, చిలకమ్మ మొగుడు. చిన తవిటయ్యకి ఇరవై తొమ్మిదేళ్ళు. సన్యాసమ్మ ఆడపడుచు కొడుకు, చిలకమ్మ అన్న, పైడితల్లి మొగుడు. ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికీ ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికీ ఇచ్చి ఒకే పందిట్లో రెండు పెళ్ళిళ్ళు చేశారు. దాన్ని కుండమార్పిడి అంటారు. ఎవరు చనిపోయినా ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి మొగుడు, ఒకరికి అన్న పోతారు.

11.45కి ముగ్గురూ కంట్రోల్ రూం వరండాలో ఉన్నారు. గురునాథరావు లోపలికి వెళ్ళి జరిగింది చెప్పాడు. గంగాధరరావు సందేశం మళ్ళీ చదివాడు.

"బ్రదర్ ఇన్ లా అంటే భార్య అన్నదమ్ముడైనా కావచ్చు, అక్కచెల్లెలి భర్తయినా కావచ్చు. పెద్దవాడికి చిన్నవాడు ఏమవుతాడు?"

"రెండూ అవుతాడండి."

"చిన్నవాడికి పెద్దవాడు?"

"ఆడూ రెండూ అవుతాడండి."

గంగాధరరావు పెన్ను బల్ల మీద పెట్టాడు. వరండాలోకి వచ్చి సన్యాసమ్మను అడిగాడు. "అమ్మా, ఇద్దరికీ ఒకే పేరు ఎందుకు పెట్టారు?"

"మా మావ పేరు బాబూ. కొడుకు కొడుక్కీ అదే, కూతురు కొడుక్కీ అదే. పెట్టకపోతే ముసిలోడు ఊరుకుంతాడా?"

"ఆయన ఉన్నారా?"

"ఈల్లు పుట్టక ముందే పోనాడు. అయినా ఊరుకోడు."

బతికినవాడి ఇంటిపేరు కనుక్కోమని గంగాధరరావు ఓడకి వైర్‌లెస్ పంపాడు. ఇంటిపేర్లు వేరు. ఒకరు మైలపల్లి, ఒకరు చోడిపల్లి. 12.10కి జవాబు వచ్చింది. బతికినవాడికి 8.30కి స్పృహ పోయింది. అంతకుముందు చెప్పింది పేరు, ఊరు మాత్రమే.

అప్పటికి పోర్టు డాక్టరు శ్రీరామ్మూర్తి వచ్చారు. ఆయన చేతిలో రెండు ఫారాలున్నాయి. ఒకటి బతికినవాడిది, ఒకటి చనిపోయినవాడిది. పేరు, ఇంటిపేరు, బంధువు, సంబంధం. ఇవి నింపందే ఎవరినీ దింపడానికి వీల్లేదని చెప్పారు. రెండు లాంచీలు వెళతాయి. మొదటి దాంట్లో బతికినవాడిని ఆసుపత్రికి తీసుకొస్తారు. రెండో దాంట్లో శవం వస్తుంది. ఒక్కో లాంచీలో ఒక్కో బంధువు.

"ఎవరో తేలకపోతే?" అన్నాడు గురునాథరావు.

"తేలేదాకా ఇద్దరూ ఓడ మీదే ఉంటారు. నాలుగు రోజులు నీళ్ళు లేని మనిషి. ఎంతసేపు ఆగుతాడో నేను చెప్పలేను."

ఓడ దగ్గరపడుతోంది. కాసేపట్లో వైర్‌లెస్ జవాబుల కోసం ఆగకుండా రేడియోలో నేరుగా మాట్లాడవచ్చు. కానీ ఆ ఓడ రేడియో ఆఫీసర్ ఇంగ్లీషు రాయగలడు గానీ మాట్లాడలేడు. గంగాధరరావు పాత పోస్టాఫీసు వీధికి మనిషిని పంపి జిలానీ బాషాని పిలిపించాడు.

జిలానీ బాషా ఓడలకు కూరగాయలు, మాంసం, కోళ్ళు, బాతులు సరఫరా చేస్తాడు. పద్నాలుగేళ్ళుగా అదే పని. స్పానిష్ ఓడలు వచ్చినప్పుడల్లా విన్న మాటలు ఉర్దూ అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. సగం మాటలు వంటింటివి. మిగతా సగం నావికులు జేబుల్లోంచి ఫోటోలు తీసి చూపించి చెప్పినవి. తల్లి, భార్య, కొడుకు, కూతురు.

12.50కి ఓడ గొంతు వినిపించింది. జిలానీ బాషా మైకు తీసుకున్నాడు. మధ్య మధ్య నోటుబుక్కు చూస్తూ రెండు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత మైకు మీద చెయ్యి పెట్టి తిరిగాడు.

"ఆళ్ళ ఓడలో గోవా వంటాయన ఒకడున్నాడు సార్. ఇదివరకు మన తెలుగోళ్ళతో పని చేశాడంట. తెప్ప మీదోడు రెండో మనిషిని పట్టుకుని 'బావా బావా' అని అరిశాడంట. ఆ ఒక్క మాట వంటాయనకి తెలుసు. ఆఫీసర్‌కి కున్యాదో అని చెప్పాడు. ఆఫీసర్ ఇంగ్లీషులో బ్రదర్ ఇన్ లా అని పంపాడు."

"కున్యాదో అంటే ఏ రకం బావ?"

"ఎర్మానో దె ఎస్పోసానా, మరీదో దె ఎర్మానానా అని అడిగా సార్. పెళ్ళాం తరఫా, చెల్లి తరఫా అని. రెండింటికీ ఆళ్ళ దగ్గర ఒకే మాటంట. తోడల్లుడికైతేనే వేరే మాటంట, కొన్‌కున్యాదో. మా ఉర్దూలో అయితే పెళ్ళాం తమ్ముడు సాలా వేరు, చెల్లి మొగుడు బహనోయీ వేరు."

"వేరైనా ఉపయోగం లేదు బాషా. వీళ్ళు రెండూను."

తలుపు దగ్గర సన్యాసమ్మ నిలబడి ఉంది. "బావా అన్నాడా?" అంది.

"అన్నాడంట అమ్మా."

"అయితే బతికినోడు సిన్నోడే. పెద్దోడిని బావ అంతారు. సిన్నోడిని బామ్మర్ది అంతారు." చెప్పిన తర్వాత ఆమెకి తను ఏం చెప్పిందో అర్థమైంది. పెద్దోడు తన కొడుకు. గోడకి చేరగిలబడింది.

పైడితల్లి లేచింది. చిలకమ్మ ఆమె కంటే ముందు గుమ్మంలోకి వచ్చింది.

"కాదు. మా ఆయన మా అన్ననీ బావ అనే పిలుత్తాడు. ఎప్పుడైనా బామ్మర్ది అన్నాడా? నువ్వు సెప్పు వదినా, ఇన్నావా ఎప్పుడైనా?"

పైడితల్లి మొహం పక్కకి తిప్పుకుంది.

"సెప్పవేటి? నీకు కావలిసిన మాటొచ్చిందని నోరు మూసుకున్నావా?"

"నాను ఇన్లేదు" అంది పైడితల్లి. "బామ్మర్ది అనగా నాను ఎప్పుడూ ఇన్లేదు."

"నిజమేనండి" అన్నాడు గురునాథరావు. "ఈమె భర్త అందర్నీ బావ అనే అంటాడు. నన్ను కూడా అంటాడు. వాళ్ళింటితో నాకే సంబంధమూ లేదు."

డాక్టరు గోడ గడియారం చూశారు. 1.15. గంగాధరరావు ఇద్దరు ఆడవాళ్ళనీ లోపలికి పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టాడు. మాటలతో తేలదు, ఒంటి మీద గుర్తులు చెప్పండి అన్నాడు.

"కుడి సెయ్యి మీద పచ్చబొట్టుంది" అంది పైడితల్లి.

"ఎవరికి?"

"ఇద్దరికీ. సింహాచలంలో పొడిపించుకున్నారు. పేరు."

గంగాధరరావు రాయలేదు. "ఒకరికి ఉండి, ఇంకొకరికి లేనిది కావాలమ్మా."

పైడితల్లి నేల చూసింది. మొగుడి ఒళ్ళు గురించి నలుగురు మగాళ్ళ ముందు చెప్పాలి. చిలకమ్మ కూడా నేల చూసింది. రేడియోలో ఓడ ఆఫీసర్ ఏదో అడిగాడు. జిలానీ బాషా ఆగమని చెప్పాడు.

"మా అన్నకి" అంది చిలకమ్మ. ఆగింది. పైడితల్లి తలెత్తి ఆమెను చూసింది. "మా అన్నకి ఎడం కాలు రెండో ఏలు, మూడో ఏలు కలిసుంతాయి. పుట్టుకతోనే. మా ఆయనకి లెవ్వు."

"సరిగ్గా చెప్పమ్మా. బతికినవాడికి వేళ్ళు కలిసి ఉంటే..."

"నాకు తెలుసు బాబూ. కలిసుంటే నా మొగుడు పోయినట్టు. అడగండి."

జిలానీ బాషా నోటుబుక్కు తిరగేశాడు. కాలు ఉంది. ఎడమ ఉంది. వేలు ఉంది. కలిసి ఉండటానికి మాట లేదు. మరో రెండు పేజీలు తిప్పాడు. సరుకుల పట్టీలో ఒక మాట దగ్గర వేలు పెట్టాడు. మైకు దగ్గరకు తీసుకుని నెమ్మదిగా చెప్పాడు. ఎడమ కాలు, రెండు వేళ్ళు, కోమో పాతో.

"ఏం చెప్పావు?" అన్నారు డాక్టరు.

"బాతు మాదిరి అన్నాను సార్."

అవతలి మనిషి ఆ మాట తిరిగి పలికాడు. చూసి వస్తానన్నాడు. అప్పుడు 1.22.

"ఇద్దరినీ చూడమన్నావా?" అన్నాడు గంగాధరరావు.

"ఇద్దరినీ చూడమన్నాను సార్."

గదిలో ఆరుగురు కూర్చుని ఉన్నారు. సన్యాసమ్మ గుమ్మం దగ్గరే ఉంది. రేడియోలో గరగర వస్తోంది. గంగాధరరావు దాని శబ్దం కాస్త తగ్గించి, మళ్ళీ పెంచాడు.

"పొద్దున్న నవ్వినావు" అంది పైడితల్లి. గొంతు పెంచలేదు.

"నవ్వినాను. నా మొగుడు బతికున్నాడన్నారు. నవ్వనా?"

"రెండోది ఎవలో అడిగినావా?"

చిలకమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసింది. "అడగలేదు. తెప్ప మీద నీ మొగుడు కూడా ఉన్నాడని నాకు గేపకం రాలేదు. మా అన్న ఉన్నాడని గేపకం రాలేదు. ఇంక సాలునా?"

"నాను అలా అన్లేదు వదినా."

"మరి ఇప్పుడు నువ్వు ఏటి మొక్కుకుంతన్నావు? సెప్పు. లోపల మొక్కుకుంతన్నావు కదా, నాకు అగుపడతంది."

"ఏటి మొక్కమంతావే?" అంది పైడితల్లి. "నా మొగుడు బతకాలంటే మా అన్న సావాలి. మా అన్న బతకాలంటే నా మొగుడు సావాలి. నాను నోరు తెరిసి ఏ మాటని మొక్కాలి?"

"నోర్ముయ్యండే ఇద్దరూ" అంది సన్యాసమ్మ.

డాక్టరు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. అక్కడి నుంచి రేవు ముఖద్వారం కనిపిస్తుంది. ఓడ ఇంకా కనిపించలేదు.

1.33కి గొంతు వచ్చింది. జిలానీ బాషా వింటూ తల ఊపాడు. ఒక మాట మళ్ళీ చెప్పమని అడిగాడు. మళ్ళీ విన్నాడు. మూడోసారి అడిగాడు.

"ఏంటి బాషా?"

అతను గంగాధరరావు వైపు చూసి చెప్పాడు. ఆడవాళ్ళ వైపు చూడలేదు.

"బతికినాయనకి వేళ్ళు విడివిడిగా ఉన్నాయంట. రెండు కాళ్ళూ చూశాడంట. పోయినాయనకి ఎడం కాలు... బాతు మాదిరి ఉన్నాయంట."

సన్యాసమ్మ నేల మీద కూర్చుంది. పైడితల్లి కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. చిలకమ్మ లేచి రెండడుగులు వేసి ఆమె ముందు నిలబడింది. చేయి చాచింది. పైడితల్లి ఆ చేతిని తోసేసింది. చిలకమ్మ మళ్ళీ చాచలేదు. అక్కడే నేల మీద కూర్చుంది.

గంగాధరరావు ఫారాలు దగ్గరకు లాక్కున్నాడు. చనిపోయినవాడు, చోడిపల్లి చిన తవిటయ్య, 29. బతికినవాడు, మైలపల్లి పెద తవిటయ్య, 32. బంధువు, సంబంధం అన్న రెండు గళ్ళు ఖాళీగా వదిలాడు.

2.50కి ఓడ లంగరు వేసింది. 3.05కి అందరూ లాంచీల మెట్ల దగ్గర ఉన్నారు. డాక్టరు మొదటి లాంచీలో స్ట్రెచర్ సర్దించి, పైకి చూశారు.

"బతికినాయన భార్య ఎవరమ్మా? దిగండి."

చిలకమ్మ కదల్లేదు. "నాను ఆ రెండో దాన్లో ఎల్తాను" అంది.

"అది శవానికమ్మా."

"తెలుసు. మా అన్న. పొద్దున్న నాను నవ్వినప్పటికే ఆడు పోయున్నాడు. నాను ఆడి దగ్గరికి ఎల్తాను."

"కోడలా" అంది సన్యాసమ్మ. "నీ మొగుడు కొనూపిరితో ఉన్నాడే. మొగుడి కాడికి పెళ్ళామెల్లాలి. సచ్చినోడి కాడికి దాన్ని ఎల్లనీ."

పైడితల్లి మెట్ల మీద నిలబడి ఓడ వైపు చూస్తోంది.

"నాను మా అన్న కాడికి ఎల్తాను" అంది. "ఆడు లేసినప్పుడు నాను ఉండాల. బావా బావా అని అరిసినాడంట. అప్పటికి నా మొగుడు బతికున్నాడో లేదో, ఏటడిగాడో, ఆడికొక్కడికే తెలుసు. నాను అడగాల."

"ఆడు ఇప్పుడు పలకడే" అంది సన్యాసమ్మ.

"పలికేదాకా కూసుంతాను."

సన్యాసమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పక్కకి జరిగి దారిచ్చింది. గురునాథరావు ఏదో చెప్పబోయాడు. ముసలామె అతని వైపు చూడగానే ఆగిపోయాడు.

డాక్టరు గంగాధరరావును అడిగారు. గంగాధరరావు ఫారం తిప్పి వెనక ఉన్న నిబంధన చదివాడు. బంధువు అనే ఉంది. భార్య అని లేదు. రెండు గళ్ళూ అక్కడే, మోకాలి మీద ఫారం పెట్టుకుని నింపాడు. ఇద్దరి చేతా వేలిముద్ర వేయించాడు.

3.25కి మొదటి లాంచీ బయలుదేరింది. 3.40కి రెండోది బయలుదేరింది. 4.35కి పెద తవిటయ్యను మెట్ల దగ్గర దించి ఆసుపత్రి బండి ఎక్కించారు. ఊపిరి ఉంది. స్పృహ లేదు. వెంట పైడితల్లి ఉంది. 5.10కి చిన తవిటయ్య శవాన్ని దించారు. వెంట చిలకమ్మ ఉంది. రెండు ఫారాల్లోనూ సంబంధం గడిలో చెల్లెలు అని ఉంది.